రికంబెంట్ ట్రైక్ వెనుక గేర్లు: స్క్రూల కంటే ముందు చూడవలసింది కేబుల్‌ను

వెనక్కి ఆనుకొని, కాళ్లు ముందుకు చాపి తొక్కే మూడు చక్రాల సైకిల్‌ను రికంబెంట్ ట్రైక్ అంటారు. ముందు రెండు చక్రాలు, వెనుక ఒక చక్రం ఉండే రకంలో చైన్ తిప్పేది ఆ వెనుక చక్రాన్నే కాబట్టి, గేర్ల అమరిక చూపుకు మామూలు గేర్ల సైకిల్‌లో ఉన్నట్టే ఉంటుంది. వెనుక పళ్లచక్రాల కట్ట అయిన అదే క్యాసెట్, చైన్‌ను ఒక పళ్లచక్రం నుంచి మరోదానికి జరిపే అదే డీరెయిలర్, దాని మీద అవే మూడు స్క్రూలు. ఈ పోలికే చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. గేరు సరిగా పడనప్పుడు వెంటనే స్క్రూడ్రైవర్ అందుకొని డీరెయిలర్ స్క్రూలను అటూ ఇటూ తిప్పడం, దానితో అసలు తప్పు అలాగే ఉండగా కొత్త తప్పు ఇంకొకటి వచ్చి చేరడం తరచుగా జరుగుతుంది. కడపలోనో ప్రొద్దుటూరులోనో ట్రైక్ నడిపేవారికి అంతకు ముందు ట్రైక్‌ను విప్పి చూసిన మెకానిక్ దొరకడం కష్టం గనుక ఈ పని ఇంటి దగ్గర చేసుకోక తప్పదు. నాలుగు అలెన్ కీలు, ఒక స్టార్ స్క్రూడ్రైవర్, పదునైన కేబుల్ కట్టర్ ఉంటే చేసుకోవడం కష్టం కూడా కాదు. అయితే వెతకడం మొదలుపెట్టవలసిన చోటు వేరు. ట్రైక్ వెనుక గేర్లలో కనిపించే తప్పులు చాలావరకు డీరెయిలర్‌లో పుట్టినవి కావు. చేత్తో గేరు మార్చే మీట అయిన షిఫ్టర్‌కూ డీరెయిలర్‌కూ మధ్యనున్న పొడవాటి కేబుల్ దారిలో పుట్టినవి.

గేరు మారేటప్పుడు జరిగే కదలిక ఎంత చిన్నదో తెలిస్తే ఈ మాట ఎందుకు నిజమో అర్థమవుతుంది. 1984లో షిమానో సంస్థ ఎస్‌ఐఎస్ పేరుతో క్లిక్ పద్ధతిని తెచ్చింది. షిఫ్టర్ ప్రతి క్లిక్‌కూ ఒక నిర్ణీత పొడవు కేబుల్‌ను లాగుతుంది, డీరెయిలర్ ఆ లాగుడును ఒక నిర్ణీత నిష్పత్తిలో పక్కకు కదలికగా మారుస్తుంది, చైన్ సరిగ్గా పక్క పళ్లచక్రం కిందికి చేరుతుంది. 8 గేర్ల క్యాసెట్‌లో ఒక పళ్లచక్రం నుంచి పక్కదానికి దూరం 4.8 మి.మీ., 9 గేర్లలో దాదాపు 4.35 మి.మీ., 10 గేర్లలో 3.95 మి.మీ. ఉంటుంది. షిమానో పాత రకం డీరెయిలర్లు, అంటే 9 గేర్ల దాకా వచ్చినవి, కేబుల్ కదలికను సుమారు 1.7 రెట్లు చేస్తాయి. ఆ లెక్కన 9 గేర్ల క్యాసెట్‌పై ఒక క్లిక్‌కు కేబుల్ కదిలేది రెండున్నర మిల్లీమీటర్ల చిల్లర మాత్రమే. దారిలో ఎక్కడైనా అర మిల్లీమీటరు వృథా అయితే డీరెయిలర్ దగ్గర అది 0.85 మి.మీ. తేడాగా తేలుతుంది, రెండు పళ్లచక్రాల మధ్య దూరంలో అది ఐదో వంతు. స్రామ్ సంస్థ ఒకటికి ఒకటి నిష్పత్తితో చేసిన డీరెయిలర్లలో ఒక్కో క్లిక్‌కు కేబుల్ దాదాపు 4 మి.మీ. కదులుతుంది కాబట్టి అదే అర మిల్లీమీటరు నష్టం అక్కడ అంతగా బాధించదు. పొడవైన కేబుల్ ఉండే ట్రైక్‌కు ఈ రెండో రకం అనువైనదనడంలో సందేహం లేదు. కాకపోతే ఒక రకం షిఫ్టర్‌ను మరో రకం డీరెయిలర్‌కు కలిపితే ఎంత సరిచేసినా గేర్లు కుదరవు. పాత ట్రైక్ కొన్నవారు అన్నిటికంటే ముందు ఈ జత సరిపోలిందో లేదో చూసుకోవాలి.

మామూలు సైకిల్‌లో కేబుల్ చాలా దూరం ఫ్రేమ్ వెంట తిన్నగా పోతుంది. ట్రైక్‌లో షిఫ్టర్ సీటు పక్కన నిలువుగా లేచిన హ్యాండిల్ కొన మీద ఉంటుంది. కేబుల్ అక్కడి నుంచి కిందికి దిగి, సీటు అడుగున మలుపు తిరిగి, వెనుక చక్రం వైపు సాగి, డీరెయిలర్‌లోకి దూరే ముందు మరో పెద్ద వంపు తీసుకుంటుంది. హ్యాండిల్ తిప్పినప్పుడల్లా పై భాగం కదులుతూనే ఉంటుంది. ఇక్కడ గమనించవలసిన సూత్రం ఒకటి ఉంది. ఔటర్ అనే తొడుగు లోపల జారే తీగ, అంటే ఇన్నర్, మీద రాపిడిని ప్రధానంగా నిర్ణయించేది దాని పొడవు కాదు, అది తిరిగిన వంపుల మొత్తం. వంపుల కోణం పెరిగేకొద్దీ కావలసిన బలం కూడికగా కాక రెట్లుగా పెరుగుతుంది. రాపిడి గుణకం 0.1 అనుకుంటే, మొత్తం 180 డిగ్రీల వంపులున్న దారిలో అటు చివర ఒక పాలు బలం చేరాలంటే ఇటు చివర 1.37 పాళ్లు లాగాలి. మొత్తం 360 డిగ్రీలైతే 1.87 పాళ్లు లాగాలి. లోపల దుమ్ము చేరి గుణకం 0.2 అయితే అదే 360 డిగ్రీల దారికి మూడున్నర పాళ్లు కావాలి. కాబట్టి పెద్ద పెద్ద వంపులతో కొంచెం పొడవుగా ఉన్న ఔటర్ కంటే, పొడవు తగ్గించాలని బిగుతుగా మడిచిన పొట్టి ఔటరే ఎక్కువ చెరుపు చేస్తుంది.

ఈ రాపిడి రెండు వైపులా ఒకేలా కనిపించకపోవడమే గుర్తుపట్టడానికి దొరికే ఆధారం. సాధారణ డీరెయిలర్‌లో చైన్‌ను చిన్న పళ్లచక్రం నుంచి పెద్దదానికి ఎక్కించేది చేతి బలం. పెద్దదాని నుంచి చిన్నదానికి దించేది డీరెయిలర్‌లోని స్ప్రింగు. చేతికి బలం కొదవ లేదు గనుక ఎక్కేటప్పుడు రాపిడి తెలియదు. స్ప్రింగు బలం పరిమితం గనుక దిగేటప్పుడు చైన్ ఆలస్యం చేస్తుంది, ఒక క్లిక్‌కు కదలకుండా రెండో క్లిక్‌కు ఒకేసారి రెండు పళ్లచక్రాలు దిగుతుంది. అయితే కేబుల్ కొంచెం బిగువు ఎక్కువైనా దిగడం ఆలస్యమవుతుంది కాబట్టి ఈ రెండిటినీ వేరు చేసి చూడాలి. అందుకు నమ్మదగిన పరీక్ష ఇది. క్యాసెట్ మధ్యలో ఏదో ఒక పళ్లచక్రాన్ని ఎంచుకొని, చిన్న పళ్లచక్రం నుంచి దాని మీదికి ఎక్కించి, డీరెయిలర్‌లో చైన్‌ను నడిపే రెండు చిన్న చక్రాల్లో పైది, అంటే పై జాకీ వీల్, ఎక్కడ ఆగిందో వెనుక నుంచి కన్ను తిన్నగా పెట్టి చూడాలి. తరువాత అదే పళ్లచక్రం మీదికి పెద్దదాని నుంచి దించి మళ్లీ చూడాలి. రెండుసార్లూ ఒకే చోట ఆగితే కేబుల్ దారి శుభ్రంగా ఉన్నట్టే, మిగిలింది బిగువు సరిచేయడమే. రెండు చోట్లకూ ఒక మిల్లీమీటరు తేడా కనిపించినా తప్పు రాపిడిదే. అప్పుడు కేబుల్ బిగువును సరిచేసే మర అయిన బ్యారెల్‌ను ఎటు తిప్పినా ఒక దిశ బాగుపడి మరొకటి చెడుతుంది. రెండు దిశలకూ సరిపడే స్థానం అంటూ ఉండదు. స్క్రూలతో గంటల తరబడి పోరాడి విసిగిపోయేవారికి ఈ ఒక్క పరీక్ష ఎంతో శ్రమ తప్పిస్తుంది. హ్యాండిల్ కొనలో బిగించే కొన్ని బార్ ఎండ్ షిఫ్టర్లలో క్లిక్‌లు లేకుండా నున్నగా తిప్పే స్థానం కూడా ఉంటుంది. అందులో పెట్టినప్పుడు అన్ని పళ్లచక్రాలూ చక్కగా పడి, క్లిక్ స్థానంలో మాత్రం పడకపోతే డీరెయిలర్ నిర్దోషి అని తేలిపోతుంది.

రాపిడి అని తేలిన తరువాత కడప జిల్లా దుమ్ము గురించి ఆలోచించవలసి ఉంటుంది. యర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు రోడ్ల మీద సున్నపురాయి, సిమెంటు పొడి. పొలాల వైపు ఎర్రమట్టి, నల్లరేగడి. ఏడాదిలో ఎక్కువ నెలలు పొడిగాలి. ట్రైక్‌లో కేబుల్ చివరి వంపు నేలకు చాలా దగ్గరగా ఉంటుంది, కాబట్టి చక్రం ఎగజిమ్మే పొడి నేరుగా ఔటర్ మూతిలోకి చేరుతుంది. బాగా జారుతుందన్న ఆశతో ఇన్నర్‌కు చిక్కటి గ్రీజు పూస్తే ఆ పొడి అందులో కలిసి కొద్ది వారాల్లోనే ముద్ద కడుతుంది. లోపల ప్లాస్టిక్ పొర ఉన్న మంచి ఔటర్‌కు గ్రీజు పెట్టకపోవడమే మేలు. ఇన్నర్‌ను బయటికి లాగి పొడిగుడ్డతో తుడిచి, నలిగిన చోటుగాని తుప్పు పట్టిన చోటుగాని ఉంటే కొత్తది వేయాలి. చివరి వంపులోని చిన్న ఔటర్ ముక్కనైతే తుడిచి సరిపెట్టకుండా ఏడాదికొకసారి మార్చడం మంచిది. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

ఔటర్ కొనేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. షాపుల్లో సులభంగా దొరికేది 5 మి.మీ. బ్రేకు ఔటర్. దానిలో ఉక్కు పట్టీ స్ప్రింగులా చుట్టి ఉంటుంది, ఒత్తిడి పడితే కొంచెం నొక్కుకుపోతుంది. గేర్లకు వాడేది 4 మి.మీ. ఔటర్, అందులో తీగలు పొడవునా తిన్నగా ఉంటాయి గనుక నొక్కుకుపోదు. బ్రేకుకు ఆ నొక్కుడు వల్ల లీవరు కొంచెం మెత్తగా అనిపించడం తప్ప పెద్ద నష్టం లేదు. రెండున్నర మిల్లీమీటర్ల లెక్క మీద నడిచే గేరుకు మాత్రం, అదీ రెండు మీటర్ల పొడవు ఔటర్ ఉన్న ట్రైక్‌లో, అది పూర్తిగా పనికిరాదు. గేర్ల ఔటర్‌ను బ్రేకుకు వాడడం ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే గట్టిగా బ్రేకు వేసినప్పుడు తిన్నని తీగలు విడిపోయి ఔటర్ పగలవచ్చు. ఔటర్ కోసిన ప్రతి చివరనూ ఆకురాయితో చదును చేసి, లోపలి ప్లాస్టిక్ మూతిని సన్నని మేకుతో తెరిచి, మూత తొడగాలి. ఏటవాలుగా కోసిన చివర క్లిక్ క్లిక్‌కూ కొద్దిగా సర్దుకుంటూ బిగువును తినేస్తుంది.

ఎండ వల్ల బిగువు మారుతుందా అన్నది ఈ ప్రాంతంలో సహజంగా వచ్చే సందేహం. సమాధానం ఫ్రేమ్ మీద ఆధారపడి ఉంటుంది. కేబుల్ మొత్తం ఔటర్ లోపలే నడిస్తే ఇన్నర్, ఔటర్ రెండూ ఉక్కువే కాబట్టి రెండూ సమానంగా సాగి తేడా రాదు. ఫ్రేమ్ ఉక్కుదైనా అంతే. అల్యూమినియం ఫ్రేమ్ వెంట కొంత దూరం ఇన్నర్ ఔటర్ లేకుండా పోయే ట్రైక్‌లలో మాత్రం తేడా ఉంటుంది, ఎందుకంటే వేడికి అల్యూమినియం ఉక్కుకు దాదాపు రెట్టింపు సాగుతుంది. డిసెంబరు ఉదయపు 20 డిగ్రీలకూ, మే ఎండలో నిలిపిన లోహం చేరే 50 డిగ్రీలకూ మధ్య ఒక మీటరు పొడవుకు ఆ తేడా మిల్లీమీటరులో మూడో వంతు. 1.7 రెట్ల డీరెయిలర్ మీద అది అర మిల్లీమీటరు పైచిలుకు, చైన్‌ను పెద్ద పళ్లచక్రం వైపు నెట్టే తేడా. 8 గేర్లలో పట్టించుకోనక్కరలేదు. 10 గేర్లలో చప్పుడుగా వినిపిస్తుంది. బ్యారెల్‌ను పావు వంతు నుంచి అర చుట్టు లోపలికి తిప్పితే సరిపోతుంది.

కేబుల్ తరువాత చూడవలసింది హ్యాంగర్, అంటే డీరెయిలర్‌ను ఫ్రేమ్‌కు పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క. ఫ్రేమ్ చెడకుండా తాను వంగిపోవడానికే దాన్ని మెత్తగా చేస్తారు. వెనుక 20 అంగుళాల చక్రం ఉన్న ట్రైక్‌లో జాకీ వీల్స్‌ను పట్టి ఉంచే కేజ్ పొడవుగా ఉన్న డీరెయిలర్ కింది కొన నేలకు కొద్ది సెంటీమీటర్ల ఎత్తులోనే వేలాడుతుంది. కంకర రోడ్డు మీద ఒక రాయి, సందులో ఒక అరుగు అంచు తగిలితే చాలు. వంగిన హ్యాంగర్‌తో క్యాసెట్‌లో ఒక సగం బాగా పడి, మరో సగం పడకుండా ఉంటుంది. దీన్ని కొలిచే పరికరం హ్యాంగర్ మరలో బిగించి రిమ్ చుట్టూ తిప్పి, రిమ్‌కూ కొనకూ మధ్య దూరం అన్ని చోట్లా సమానమా అని చూస్తుంది. పెద్ద చక్రాలకు 4 మి.మీ. దాకా తేడాను సహించవచ్చని చెప్పే లెక్క చిన్న చక్రానికి వర్తించదు. అదే వంపు 20 అంగుళాల రిమ్ దగ్గర రెండున్నర మిల్లీమీటర్లుగానే కనిపిస్తుంది. పరికరం లేనివారు వెనుక నుంచి చూసి రెండు జాకీ వీల్స్ క్యాసెట్ పళ్లతో ఒకే నిలువు గీతలో ఉన్నాయా అని నిర్ధారించుకోవాలి. కంటికే వంకర తెలిస్తే చేతితో వంచే సాహసం చేయకుండా ఆ మోడల్‌కు సరిపడే కొత్త హ్యాంగర్ తెప్పించుకోవడం మంచిది.

ఇక పని చేసే చోటు. ట్రైక్ తనంతట తాను నిలబడుతుంది కాబట్టి స్టాండు అక్కరలేదు. కడప బండలు పరిచిన వరండా సమతలంగా ఉండి ఈ పనికి బాగుంటుంది. నల్లటి బండ మీద ఔటర్ మూతల వంటి చిన్న వస్తువులు పడితే కనిపించవు గనుక కింద పాత పంచె పరచుకోవాలి. ముందు చక్రాల పార్కింగ్ బ్రేకు వేసి, వెనుక ఫ్రేమ్ కింద రెండు ఇటుకలో చిన్న పీటో పెట్టి చక్రాన్ని నేల నుంచి లేపాలి. వెనుక సస్పెన్షన్ ఉంటే పీటను కదిలే భాగం కిందే ఉంచాలి, లేకపోతే చక్రం వేలాడి చైన్ పొడవు మారిపోతుంది. అసలు ఇబ్బంది పెడల్‌కూ క్యాసెట్‌కూ మధ్య ఉన్న దూరం. ఒక చేత్తో పెడల్ తిప్పుతూ మరో చేత్తో బ్యారెల్ తిప్పడం మామూలు సైకిల్‌కే సాధ్యం. ట్రైక్‌కు ఇంట్లో మరొకరు ముందు కూర్చొని పెడల్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పాలి, వెనుక ఉన్నవారు వేళ్లు చైన్‌కు దూరంగా పెట్టుకొని చెప్పినప్పుడే తిప్పాలి, చెప్పగానే ఆపాలి.

హెచ్, ఎల్ అని గుర్తులుండే రెండు హద్దు స్క్రూలకు మధ్య గేర్లు పడటంతో సంబంధం లేదు. డీరెయిలర్ ఆ చివర, ఈ చివర ఎంతవరకు పోవచ్చో చెప్పడమే వాటి పని. ఒకసారి సరిగా పెట్టినవి హ్యాంగర్ వంగితేనో, చక్రమో క్యాసెట్టో మారితేనో తప్ప వాటంతట అవి తప్పవు. హెచ్ స్క్రూను కేబుల్ విప్పి ఉన్నప్పుడు చూడాలి; పై జాకీ వీల్ అతి చిన్న పళ్లచక్రం వెలుపలి అంచు కిందికి రావాలి. ఎల్ స్క్రూ విషయంలో మాత్రం ట్రైక్ నడిపేవారు మరింత శ్రద్ధ పెట్టాలి. వెనక్కి ఆనుకొని తొక్కేవారు ఎత్తు వచ్చినప్పుడు పెడల్ మీద లేచి నిలబడలేరు, శరీర బరువును వాడుకోలేరు. కడప నుంచి రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్ ఎక్కాలంటే దిక్కు అతి పెద్ద పళ్లచక్రమే. ముందు 30 పళ్లు, వెనుక 34 పళ్లు, సుమారు 1.5 మీటర్ల చుట్టుకొలత గల చిన్న చక్రం ఉంటే పెడల్ ఒక చుట్టుకు ట్రైక్ 1.3 మీటర్లు కదులుతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 5 కిలోమీటర్ల లోపు వేగం. రెండు చక్రాల సైకిల్ ఆ వేగంలో తూలుతుంది. ట్రైక్ తూలదు, ఎంత నెమ్మదిగానైనా ఎక్కుతుంది. ఆ వాహనానికున్న గొప్ప సౌకర్యాల్లో ఇదొకటి, అది పూర్తిగా ఆ ఒక్క గేరు పడటం మీదే ఆధారపడి ఉంది. ఎల్ స్క్రూ మరీ బిగిస్తే ఆ గేరు పడదు. మరీ వదులైతే చైన్ క్యాసెట్ దాటి పుల్లల్లోకి పడుతుంది. వెనక్కి తిరిగి చూసే వీలు లేని నడిపేవారికి అది చక్రం పట్టేసిన తరువాతే తెలుస్తుంది. కాబట్టి డీరెయిలర్‌ను చేత్తో లోపలికి నొక్కి పట్టి, చైన్ పెద్దదాని మీదికి తేలికగా ఎక్కి, ఎంత నొక్కినా పుల్లల వైపు పోకుండా ఆగే దాకా ఆ స్క్రూను ఎనిమిదో వంతు చుట్ల చొప్పున సరిచేయాలి.

హద్దులు కుదిరాక షిఫ్టర్‌ను అతి చిన్న పళ్లచక్రపు స్థానంలో ఉంచి, బ్యారెల్‌ను పూర్తిగా లోపలికి తిప్పి రెండు చుట్లు వెనక్కి తీసి, ఇన్నర్‌ను పటకారుతో లాగి పట్టుకొని బోల్టు బిగించాలి. బ్యారెల్ మర సాధారణంగా ఒక చుట్టుకు 0.8 మి.మీ. కదులుతుంది. అర చుట్టు అంటే 1.7 రెట్ల డీరెయిలర్ దగ్గర 0.7 మి.మీ. కాబట్టి సరిచేయడం ఎప్పుడూ పావు చుట్లలోనే సాగాలి. ఒక క్లిక్‌కు చైన్ రెండో పళ్లచక్రం ఎక్కకపోతే బ్యారెల్‌ను బయటికి, ఎక్కి మూడోదాన్ని గీరుతుంటే లోపలికి తిప్పాలి. కొత్త కేబుల్ వేసినప్పుడు ఔటర్ మూతలు తమ గూళ్లలో కుదురుకోవడానికి షిఫ్టర్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు చాలాసార్లు నడిపించి, ఆ తరువాత చివరి సవరణ చేయాలి. మూడోదైన బి స్క్రూతో, అతి పెద్ద పళ్లచక్రానికీ పై జాకీ వీల్‌కూ మధ్య 5, 6 మి.మీ. ఖాళీ ఉంచితే పాత రకం డీరెయిలర్లకు చాలు.

ఇంత చేసినా చప్పుడు పోకపోతే అది గేర్లది కాకపోవచ్చు. ట్రైక్ చైన్ మామూలు సైకిల్ చైన్‌కు రెండున్నర నుంచి మూడు రెట్ల పొడవుంటుంది. సీటు కింద చైన్ దారి మళ్లించే ఐడ్లర్ పుల్లీ మీదుగా, ప్లాస్టిక్ గొట్టాల గుండా పోతుంది. గొట్టం లోపల చేరిన ఇసుక చేసే గరగర శబ్దం ఫ్రేమ్ ద్వారా వెనుక నుంచి వచ్చినట్టే వినిపిస్తుంది. గొట్టాన్ని చేత్తో పట్టుకొని చూస్తే కంపన తెలిసిపోతుంది. పై గొట్టం చివర క్యాసెట్‌కు మరీ దగ్గరగా జరిగి ఉంటే చైన్ పక్కకు వాలడానికి చోటు చాలక చివరి గేర్లు మొరాయిస్తాయి. గొట్టాన్ని ముందుకు జరిపి బిగించాలి. ఒకే ట్రైక్‌ను ఇంట్లో ఇద్దరు నడుపుతూ కాళ్ల పొడవును బట్టి, పెడళ్లను మోసే ముందు గొట్టమైన బూమ్‌ను జరుపుతుంటే ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. బూమ్ 2 సెం.మీ. ముందుకు జరిగితే పై వరుస, కింది వరుస రెండూ పొడుగై చైన్ దాదాపు 4 సెం.మీ. ఎక్కువ అడుగుతుంది. పొడవైన కాళ్లున్నవారి స్థానంలో, ముందూ వెనుకా పెద్ద పళ్లచక్రాలు పెట్టి, డీరెయిలర్ పూర్తిగా సాగిపోకుండా ఉందో లేదో చూడాలి.

పొడవైన చైన్‌కు ఒక లాభం ఉంది. ఒక్కో లింకు పళ్లచక్రాల మీదుగా తక్కువసార్లు తిరుగుతుంది కాబట్టి నెమ్మదిగా అరుగుతుంది. క్యాసెట్‌కు ఆ వెసులుబాటు లేదు. అది మామూలు వేగంతోనే అరుగుతుంది. అందుకే చైన్ కొలత బాగుండి కూడా బరువు పడినప్పుడు జారుతుంటే బాగా వాడిన పళ్లచక్రాలను అనుమానించాలి. చైన్‌ను స్టీలు స్కేలుతో కొలవవచ్చు. వరుసగా 24 లింకుల పొడవు కొత్తదానిలో 304.8 మి.మీ.; అది 307 మి.మీ. చేరితే 8, 9, 10 గేర్ల చైన్‌ను మార్చాలి.

చక్రం గాలిలో ఉన్నప్పుడు చేసిన సవరణ సగమే. కూర్చొని తొక్కినప్పుడు ఫ్రేమ్ కొద్దిగా వంగుతుంది, చైన్ బిగువెక్కి ఐడ్లర్‌ను లాగుతుంది, హ్యాండిల్ తిప్పినప్పుడు కేబుల్ పై భాగం కదులుతుంది. కాబట్టి రద్దీ లేని ఉదయం పూట కొంచెం ఎత్తున్న రోడ్డు మీద, హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పుతూ కూడా గేర్లు మార్చి చూసి, అవసరమైతే మళ్లీ పావు చుట్టు సవరించాలి. హ్యాండిల్ తిప్పినప్పుడే గేరు దానంతట అది మారితే ఔటర్ పొట్టిగా ఉన్నట్టు లెక్క. దాన్ని మార్చేటప్పుడు ఇన్నర్ పొడవు కూడా చూసుకోవాలి. మామూలు గేరు కేబుల్ 2.1 మీటర్ల దగ్గర ఆగిపోతుంది, చాలా ట్రైక్‌లకు అది చాలదు. ఇద్దరు తొక్కే టాండెమ్ సైకిళ్ల కోసం చేసే 3 మీటర్ల ఇన్నర్ కావాలి. అది ఊళ్లో అడిగిన వెంటనే దొరికే సరుకు కాదు కాబట్టి ఒకటి ముందే తెప్పించి, చుట్ట చుట్టి, పనిముట్ల డబ్బాలో ఉంచుకోవాలి.